సద్దిమూటతో విమానయానము

పెద్దల మాట చద్దిమూట అని మన సామెత. ప్రయాణమున ఆకలి వేళకు అక్కరకు వచ్చునది గనుకనే పూర్వులు మంచి మాటను చద్దిమూటతో పోల్చిరి. మనము సామెతలోని మాటను నిలుపుకొంటిమి గాని మూటను మరచితిమి. కోస్తా వారు చద్ది యనినను, తెలంగాణము వారు సద్ది యనినను మూటలోని ధర్మము ఒక్కటియే. ఈనాడు నేను ముచ్చటింప దలచినది ఆ మూటను గూర్చియే. అయితే ఇది పొలము గట్టున విప్పెడి మూట కాదు. ముప్పది వేల అడుగులకు పైగా ఎత్తున, మేఘముల మీద విప్పవలసిన మూట.

విమానములో తిండి పెట్టరా యని శ్రోతలలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. పెట్టెడి విమానములు కలవు, పెట్టనివియు కలవు. టికెట్టు వెల తగ్గించి, కూర్చుండుటకు చోటు మాత్రమిచ్చి, తిండి కావలసిన వారు వేరుగా కొనుక్కొనవలె నను పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. మన పల్లెల నుండి గల్ఫు దేశములకు పనికై పోవు వారిలో పెక్కుమంది చవుక టికెట్టు చూచుకొని ఇట్టి విమానములనే ఎక్కుచున్నారు. అమెరికాలోని బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులకు సైతము ప్రయాణములో ఏదో యొక భాగము ఇట్టిది తటస్థించుచున్నది. కావున ఈ విషయము చిన్నదిగా కనిపించినను, దీని వెనుక చాలమంది కడుపులు కలవు.

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ ప్రాంతమున సిర్గాపూర్ అను ఊరు కలదు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడిన నాడు అది మండల కేంద్రమైనది. ఇటు కర్ణాటకము, అటు మహారాష్ట్రము దగ్గరగా నున్న సీమ యది. జొన్న, కంది, పెసర, పత్తి పండు నేల. తరతరములుగా జొన్నరొట్టె తిని పెరిగిన జనము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రాత్రి హైదరాబాదు నుండి దుబాయికి పోవు విమానములో నా ప్రక్కన కూర్చున్న యువకుడు ఆ సిర్గాపూర్ వైపు వాడు. తొలిసారి విమాన మెక్కినవాడు. నడుము పట్టీ బిగించుకొనుట తెలియక ఇబ్బంది పడుచుండగా నేను సాయము చేసితిని. అంతట మాట కలిసినది.

విమానము పైకి లేచిన కొంతసేపటికి పరిచారిక బండిని త్రోసికొనుచు వచ్చెను. ఆతడు సంతోషముగా చేయి చాచి ఒక పొట్లమును అందుకొనెను. ఆమె పరదేశపు నాణెములలో వెల చెప్పెను. ఆతని ముఖము వాడిపోయెను. పొట్లమును మెల్లగా తిరిగి బండి మీద పెట్టి, “ఆకలి లేదు” అనెను. చుట్టునున్న వారెవ్వరును చూడలేదు గాని, అందరును చూచినట్లే ఆతడు తల వంచుకొనెను.

కొంత తడవైన పిదప నన్ను మెల్లగా అడిగెను: “సారూ, గిక్కడ ఇంటి రొట్టె తింటె ఏమన్న అంటరా?”

ఆతని కాళ్లకడ సంచిలో ఒక గుడ్డమూట ఉన్నది. తల్లి కట్టి ఇచ్చినవి ఆరు జొన్నరొట్టెలు, ఒక కాగితపు పొట్లములో పల్లీల కారము. ఇంటి గడప దాటినది మొదలు ఆ మూటను ఆతడు విప్పలేదు. బస్సులో జనము కిక్కిరిసి యుండిరి. విమానాశ్రయములో అందరు ధగధగలాడు కుర్చీలలో కూర్చుండగా రొట్టె తీయుటకు సిగ్గు వేసెనట. విమానములో తినుట తప్పేమో యని భయము. నేను పరిచారికను పిలిచి అడిగితిని. “ఎవరి తిండి వారు తినవచ్చును. కాని మేము వేడి చేసి ఇయ్యలేము” అని ఆమె మర్యాదగా చెప్పెను. ఆతడు మూట విప్పెను.

ఆతని ఆకలిని మేమిద్దరము కూర్చుండి లెక్క వేసితిమి. ఇంట అన్నము తిన్నది ఉదయము 10 గంటలకు. నారాయణఖేడ్ వచ్చి, సంగారెడ్డి మీదుగా నూరు కిలోమీటర్లకు మించిన దూరము బస్సులో వచ్చి, హైదరాబాదు నగరమును దాటి శంషాబాదు చేరినాడు. నడుమ ఒక బస్టాండులో ఒక టీ. విమానము కదలినది రాత్రి 1 గంటకు. అనగా అప్పటికే పదునైదు గంటలు. గాలిలో నాలుగు గంటలు. దిగిన పిమ్మట కాగితముల తనిఖీ, కంపెనీ బండి కొరకు నిరీక్షణ, క్యాంపునకు ప్రయాణము. అక్కడ మధ్యాహ్నము 12 గంటల వరకు భోజనము దొరకదని ముందుగా పోయిన వాని అన్న ఫోనులో చెప్పి యుండెను. దుబాయిలో 12 అనగా మనకు ఒకటిన్నర. మొత్తము ఇరువది యేడున్నర గంటలు!

నేను చెప్పదలచిన ముఖ్య విషయ మిదియే. టికెట్టు మీద నాలుగు గంటలని వ్రాసి యుండును. ఆ నాలుగు గంటలు ఆకలికి కొలత కావు. ఇంట తిన్న చివరి ముద్ద మొదలుకొని, అవతల తప్పక దొరకునని తెలిసిన మొదటి ముద్ద వరకు లెక్కింపవలెను. మూట ఆ లెక్కకు సరిపోవలెను.

ఈ లెక్క మనకు క్రొత్తది కాదు. 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి నీటి వసతి ఎట్టిది, అంగళ్లు కలవా, సామానులు దొరకునా అని వ్రాసి పెట్టిరి. వారి వెంట పరివారము, డేరాలు, వంటవారు ఉండిరి. అయినను రేపటి మజిలీలో ఏమి దొరకునో నేడే విచారించుట వారు మానలేదు. పోతనామాత్యుడు భాగవతమున గోపబాలురు చల్దులారగించు ఘట్టమును వర్ణించినాడు. దూడలను మేపబోవు పిల్లలు సైతము ఇంటి నుండి చల్ది కట్టుకొనియే పోయిరి. ఇక ఖేడ్ ప్రాంతపు తండాల సంగతి. లంబాడీలు ఒకనాడు ఎద్దుల మీద ధాన్యము మోయుచు దక్కను అంతట తిరిగినవారు. నేడును అక్కడి నుండి ఎన్నో కుటుంబములు చెరకు నరకుటకై పొరుగు రాష్ట్రముల చక్కెర మిల్లుల వైపు వలసపోవుచున్నవి. బండి ఎక్కునపుడు జొన్నపిండి సంచి కట్టుకొనక ఏ యిల్లాలును కదలదు. అట్టి తల్లుల బిడ్డలు విమాన మెక్కునపుడు మాత్రము మూటను దాచుకొనుట వింత కాదా?

విమానములలో తిండి పెట్టుట కూడ మొదటి నుండి ఉచితముగా జరిగినది కాదు. 1919 అక్టోబరులో హాండ్లీ పేజ్ అను సంస్థ లండను-పారిసు విమానములో ప్రయాణికులకు తొలిసారి భోజనపు పెట్టె నిచ్చినది. ఆ పెట్టె వెల మూడు షిల్లింగులు! తరువాత సంస్థలు పోటీ పడి భోజనమును టికెట్టులోనే చేర్చినవి. 1977 సెప్టెంబరులో ఫ్రెడ్డీ లేకర్ అను ఆంగ్లేయుడు లండను నుండి న్యూయార్కునకు చవుక విమానములు నడిపి, అంత దీర్ఘ ప్రయాణములో సైతము భోజనమునకు వేరుగా వెల పెట్టినాడు. మన దేశమున 2003లో ఎయిర్ డెక్కన్ ఈ చవుక పద్ధతిని ప్రవేశపెట్టినది. 2020లో కోవిడు మహమ్మారి నాడు, రెండు నెలలు ఆగిన దేశీయ విమానములు మే 25న మరల కదలినపుడు, అంటువ్యాధి భయముచే వానిలో భోజనము పూర్తిగా నిలిపివేయబడినది. ఆ దినములలో ఎందరో ఇంటి పొట్లముల విలువను మరల గుర్తించిరి.

వెల తగ్గించి తిండి మానుట అన్యాయమని నేననను. చవుక టికెట్టు లేనిచో అప్పు చేసి పోవువాని అప్పు మరికొంత పెరుగును. తెలియకపోవుటయే కీడు. టికెట్టు కొనునాడే “భోజనము చేరియున్నదా, లేదా?” అని అడుగవలెను. వేడి భోజనమే కావలెనన్నచో ముందుగా చెల్లించి వ్రాయించుకొనుట మేలు. పైన కొనుటకంటె అది తరచుగా చవుక. బయటి తిండి తినరాదను నియమము గల సంస్థలును కొన్ని యున్నవి. అదియు ముందే విచారించుకొనవలెను. టికెట్టు కొనిపెట్టు ఏజెంటులు ఈ రెండు ముక్కలు చెప్పినచో ఎందరికో మేలు చేసినవారగుదురు.

ఇక మూటలో ఏమి కట్టవలెను? దీనికి విమానములోని గాలిని గూర్చి కొంత తెలియవలెను. విమానము ఎంత ఎత్తున ఎగిరినను లోపలి గాలి ఒత్తిడిని ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండ మీద నున్నట్లుగా నిలుపుదురు. ఒత్తిడి తగ్గినచో వాయువు వ్యాకోచించును. మన కడుపులోని వాయువు కూడ అట్లే నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు పెరుగును. కావున ఉలవలు, బొబ్బరులు, శనగలు, కోసుగడ్డ, బుసబుస పొంగు సోడా పానీయములు ఆనాడు పనికిరావు. కడుపు ఉబ్బి కూర్చున్నచోట ఆయాసము కలుగును. గాలిలో తేమ చాల తక్కువ. నూటికి పది, ఇరువది పాళ్లు మాత్రమే. నోరు, ముక్కు ఎండును. ఉప్పు, తీపి నాలుకకు మందముగా తోచును. ఇంట రుచిగా నున్న వంట అక్కడ చప్పగా తోచినచో తల్లి చేతిని తప్పుపట్టరాదు.

తడి వంటకము వేడి దినములలో నాలుగైదు గంటలకు మించి నమ్మదగినది కాదు. పెరుగన్నము, మాంసపు కూర, గ్రుడ్డు, కొబ్బరి పచ్చడి మొదటివేళకే పాడగును. ఇడ్లీలు పొడి అద్దుకొని మొదటి పూటకు తినవచ్చును. చింతపండు పులుసు, నూనె బాగుగా పట్టిన పులిహోర చల్లార్చి కట్టినచో మరికొంత కాలము ఆగును. అన్నిటికంటె నమ్మకమైనవి పొడి పదార్థములు. పలుచగా చేసి గట్టిగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టె, వేయించిన అటుకులు, పేలాలు, పల్లీపట్టీ, అరటిపండు. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడువారు చేయు మలీద ముద్దలు, సత్తుపిండి విమానమున కెంత తగినవో చెప్పలేను. బెల్లమున్నది, పిండి యున్నది; చేతికి అంటవు, మీద కారవు, కొంచెము తిన్నను బలము. ఎల్లిపాయ కారము మనకు ప్రియమే. కాని తలుపులు తీయలేని ఇంటిలో మూడు వందలమంది కూర్చున్నారని తలచి, ఘాటైన వాసన గలవానిని దిగిన పిదపకు ఉంచుట మర్యాద.

సోదా నియమములు కూడ తెలిసికొనవలెను. 2006లో లండనులో విమానములను ద్రవపదార్థములతో పేల్చివేయు కుట్ర బయటపడిన పిదప, దేశాంతర విమానములలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రలో ద్రవము కొనిపోరాదను నియమము లోకమంతట వచ్చినది. మనకు పెరుగు, నెయ్యి, సాంబారు తిండి పదార్థములు. సోదా చేయువారికి అవి ద్రవములు. ఊరగాయ కూడ వారి చేతిలో చిక్కును. చేతిసంచిలో పొడి మూట మాత్రమే ఉంచుకొని, ఊరగాయను గట్టిగా మూసి పెద్ద పెట్టెలో పంపవలెను. నీళ్లసీసాను ఖాళీగా కొనిపోయి సోదా దాటిన పిదప అక్కడి కుళాయి వద్ద నింపుకొనవచ్చును. 2022లో మన దేశపు విమాన భద్రతాధికారులు ఎండుకొబ్బరిని పెట్టెలలో వేయరాదని నిర్ణయించిరి. దానిలో నూనె యెక్కువ గనుక వేడికి అంటుకొన వచ్చునని కారణము. కావున కుడుకలు ఇంటనే యుంచుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక గసగసాలను గూర్చినది. మన వంటింట అది మసాలా దినుసు. ఐక్య అరబ్బు ఎమిరేట్లలో అది మాదకద్రవ్యముగా నిషిద్ధము. సౌదీ, కతరు దేశములలోను అది కొనిపోరాదు. తల్లి ప్రేమతో కట్టిన మసాలా పొడిలో చారెడు గసగసాలున్నను బిడ్డ చెరసాల పాలు కావచ్చును. గల్ఫునకు పోవువాని సంచిలో గసగసాలు గాని, గసగసాలు కలిసిన పొడి గాని వేయకుడని ఈ మాట వినుచున్న తల్లులను వేడుకొనుచున్నాను. అమెరికా, ఆస్ట్రేలియాలకు పోవువారు పండ్లు, మాంసము, గింజలు మిగిలినచో దిగునపుడు ఉన్నవని వ్రాసి ఇయ్యవలెను. దాచినచో జరిమానా పడును.

మూటను ఒక్క కట్టుగా కట్టరాదు. మూడు పొట్లములుగా కట్టవలెను. మొదటిది విమానాశ్రయములో, విమాన మెక్కుటకు ముందు తినునది. త్వరగా పాడగు వంటకము అందులో నుండవలెను. రెండవది నడిమి ప్రయాణమునకు. కొద్దికొద్దిగా, నిమ్మళముగా తినవలెను. మూడవది అవతల దిగిన తరువాత బండి రాకపోయినను, వంట కాకపోయినను ఆదుకొనునది. చాలమంది విసుగు చేత మొత్తము తిని, దిగిన పిదప అలమటింతురు. ఆ మూడవ పొట్లమును విమానములో ముట్టరాదు.

నీటి విషయమున మన వారు, ముఖ్యముగా స్త్రీలు, వృద్ధులు, ఒక పొరపాటు చేయుదురు. మరుగుదొడ్డికి లేచి పోవలసి వచ్చునని నీళ్లు త్రాగుట మానివేయుదురు. ఎండిన గాలిలో ఉపవాసముతో పాటు దాహము కూడ చేరినచో తలనొప్పి, కళ్లు తిరుగుట వచ్చును. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండు ప్రయాణములలో కాలి నరములలో రక్తము గడ్డకట్టు ముప్పు ఇంచుమించు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. కావున గంట గంటకు కొంచెము నీరు త్రాగి, లేచి నడచి వచ్చుటయే మంచిది. ఖాళీ కడుపుతో మద్యము త్రాగుట మాత్రము కూడదు.

మధుమేహము గలవారు మరింత జాగ్రత్త వహింపవలెను. హైదరాబాదు నుండి చికాగోకు 2021లో నేరుగా నడచిన విమానము పదునారు గంటలంతసేపు గాలిలో నుండెడిది. నడుమ దిగి మారుచు పోవువారికి కాలము మరింత యెక్కువ. ఇన్సులిను మందును చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. క్రింది అరలోని పెట్టెలో చలికి గడ్డకట్టి చెడవచ్చును. వైద్యుని చీటీ వెంట ఉండవలెను. తిండి ఎదుటకు వచ్చిన పిదపనే మందు వేసికొనవలెను గాని, వచ్చునను ఆశతో కాదు. చెమట పట్టి చేతులు వణకినచో వెంటనే నోట వేసికొనుటకు చక్కెర బిళ్లలో, బెల్లపు ముక్కయో జేబులోనే ఉండవలెను. ఏ వేళకు ఎంత మందో ప్రయాణమునకు ముందే వైద్యుని అడిగి వ్రాయించుకొనుట ఉత్తమము.

ఇన్ని జాగ్రత్తలు చెప్పితిని గాని, వీనిలో కష్టమైనది ఏదియు లేదు. మన అవ్వలు వీనిలో సగము చదువు లేకయే ఎరుగుదురు. కష్టమైనది సిగ్గు ఒక్కటే. ఆనాటి యువకునికి లేనిది తిండి కాదు. ఆరు రొట్టెలు కాళ్లకడ ఉన్నవి. వానిని తీసి నలుగురిలో తినుటకు చాలినంత ధైర్యము లేక పదునైదు గంటలకు పైగా ఆకలితో కూర్చున్నాడు. ప్రక్క వరుసలో పరదేశీయుడొకడు ఇంటి నుండి తెచ్చుకొన్న రొట్టెముక్కలను కాగితము విప్పి నిర్విచారముగా తినుచుండెను. ఆతని రొట్టెకు లేని సిగ్గు మన రొట్టెకు ఎందులకు?

ఆతడు మూట విప్పి మొదటి రొట్టెను రెండుగా విరిచి సగము నాకిచ్చెను. వలదంటిని, ఊరుకొనలేదు. “తినుండ్రి సారూ, మా అమ్మ చేసింది” అనెను. చల్లబడిన జొన్నరొట్టె, పల్లీల కారము. ఆతడు మూడు రొట్టెలు తిని నీళ్లు త్రాగినాడు. మిగిలిన రెండింటిని తిరిగి గుడ్డలో చుట్టి, “ఇవి దిగినంక” అని సంచిలో పెట్టుకొన్నాడు. తెల్లవారుజామున దిగి బయటకు నడచునపుడు ఆ సంచి ఆతని భుజమున ఉన్నది. ఎదుట కంపెనీ బండి యింకను రాలేదు. ఆతడు గోడ ప్రక్కన ఒక బల్ల చూచుకొని కూర్చున్నాడు. నాకు చేయి ఊపి, నవ్వి, సంచిని ఒడిలో పెట్టుకొన్నాడు.